పరిచయం లేని జంట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉండనీ. ముక్కు నాది, కోపమూ నాదే. కానీ ఆ రోజు ఆ కొలతల గదికి వెళ్లింది మాత్రం మా అక్కని చూడాలని. ఈ మాట పైకి ఎవరితోనూ అనలేదు.

అక్కా నేనూ ఒక పెద్ద హోటల్లో దుప్పట్ల గదిలో పనిచేసేవాళ్లం. ఉతికి ఆరిన దుప్పట్లు గుట్టలుగా వచ్చి పడేవి. చెరో చివరా పట్టుకుని మడిచేవాళ్లం. అమ్మానాన్నా పోయాక అదే ఇల్లు, అదే పని, ఒకరికొకరం. పెళ్లి ఊసు ఇద్దరికీ లేదు. అలాంటిది, జుట్టు నెరిశాక అక్క ఆ హోటల్ లిఫ్టులు బాగుచేసే ఆయన్ని పెళ్లి చేసుకోవడానికి ఒప్పుకుంది. ఆ సంగతి నాకు చెప్పింది ఆమె కాదు. లిఫ్టాయనే వచ్చి, "మీ అక్క మీకు చెప్పే ఉంటుందిగా" అన్నాడు. నా తల తీసేసినట్టయింది.

"అందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియకపోవడం ఏంటక్కా?" అని నిలదీశాను.

"చెబితే ఏడుస్తావనే చెప్పలేదు" అంది.

ఏడవలేదు, పోట్లాడాను. ఆమె పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. లిఫ్టాయన కూడా వేరే చోట పని చూసుకున్నాడు. తర్వాత ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. పంతాల దగ్గర మేమిద్దరం ఒకరికొకరం ఏమీ తీసిపోం. లిఫ్టాయన్ని బావా అని పిలవడానికి నాకు ఈనాటికీ నోరు రాలేదు.

అక్క వెళ్లిపోయాక పనిలో నాకు సరైన జోడీ కుదరలేదు. ఒకత్తి లాగుతుంది, ఒకత్తి జారవిడుస్తుంది, ఇంకొకత్తి మడిచేది గోరంత, మాట్లాడేది కొండంత. చివరికి దుప్పటి అంచు గడ్డం కింద నొక్కిపెట్టుకుని ఒక్కదాన్నే మడవడం మొదలుపెట్టాను. ఎదురుగా అక్క ఉంటే బాగుండును అనిపించేది. మనసులో ఎంత తిట్టుకున్నా అనిపించేది.

ఇలా ఉండగా ఒక అమ్మాయి హోటల్‌కి వచ్చింది. ఇంటిపనులు చేసేటప్పుడు ఏ వయసువాళ్ల చేతులు ఎంత సాఫీగా కదులుతాయో కొలవడం ఆమె చదువట. "యాభై దాటినవాళ్లు దొరకట్లేదండీ, మీరు రాగలరా?" అని బతిమాలింది.

"నా చేతులు కొలిచి ఏం చేస్తావమ్మా, గాజులు చేయిస్తావా?" అన్నాను.

నవ్వేసి, "మా కాలేజీ భవనంలో లిఫ్టులు చూసే ఆయన భార్య కూడా వస్తున్నారు. ఆవిడా ఒకప్పుడు దుప్పట్ల పనే చేసేవారట" అంది. ఎప్పుడు రమ్మంటావని అడిగాను.

ఆ గదిలో కాలేజీ పిల్లల దగ్గర్నుంచి పళ్లూడిన తాతల దాకా ఉన్నారు. ఒకరు కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంచుతున్నారు, ఒకరు చొక్కా గుండీలు పెడుతున్నారు. మణికట్టుకు పట్టీ కడతారు. చెయ్యి కదిలే కొద్దీ తెర మీద గీత నడుస్తుంది. చెయ్యి తడబడితే గీత ఎగిరిపడుతుంది. ఒక పెద్దాయన తన గీత చూసుకుని, "ఇది నా చెయ్యా, రంపమా?" అన్నాడు. అందరం నవ్వాం.

అప్పుడు అక్క లోపలికి వచ్చింది. చిక్కింది. కళ్లజోడు వచ్చింది. నన్ను చూసింది. చూసి, పట్టీ కట్టించుకోవడానికి చెయ్యి చాపి తల దించుకుంది. ఆమెని చూడగానే నా కోపమంతా ఎటు పోయిందో నాకే తెలియలేదు. ఒక్క మాట మాట్లాడితే చాలుననిపించింది. తిట్టినా సరే.

"దుప్పటి మడవడానికి ఒకరికొకరు తెలియనివాళ్లు కావాలి. మీ ఇద్దరికీ పరిచయం ఉందా?" అంది అమ్మాయి.

నేను అక్క నోటి వైపే చూశాను.

"పరిచయమా? లేదు" అంది అక్క.

"నాకూ లేదు" అన్నాను, గది అంతా వినబడేలా.

దుప్పటి ఇచ్చారు. చెరో రెండు కొసలూ పట్టుకున్నాం. ఒకసారి విదిలించాం, నిలువుగా మడిచాం, దగ్గరికి నడిచాం. అక్క తన కొసలు నా చేతుల్లో పెట్టి, వంగి కింది మడత అందుకుంది. ఆమె వదలడం, నేను పట్టుకోవడం ఎప్పుడు జరిగాయో నాకే తెలియలేదు. ఒక్క మాట లేకుండా పనైపోయింది. ఇంకాస్త పెద్ద దుప్పటి ఇచ్చి ఉండకూడదా అనుకున్నాను.

అమ్మాయి తెర చూసి మొహం చిట్లించింది. పట్టీలు విప్పి, మళ్లీ కట్టి, ఇంకోసారి మడవమంది. మడిచాం.

"చేతులు మారే చోట కొత్తవాళ్లకి కుదుపు రాకుండా ఉండదండీ. ఇచ్చేవాళ్లు ఇంకా పట్టుకునే ఉంటారు, ఈలోపు తీసుకునేవాళ్లు లాగుతారు. మీ గీతలో అది లేనే లేదు. కుర్రవాళ్లకి కూడా ఇంత నున్నగా రాలేదు. నిజంగా మీకు పరిచయం లేదా? ఉంటే ఈ కొలత పక్కన పెట్టేయాలి."

ఇక నా వల్ల కాలేదు. "నన్నెందుకమ్మా అడుగుతావు? ముందు లేదన్నది ఆవిడ. ఆవిడ్నే అడుగు!"

అక్క కళ్లజోడు తీసేసింది. మా ఇంట్లో కోపం నా ఒక్కదాని సొత్తు కాదు.

"అవును, లేదన్నాను! పరిచయం ఏంటి పరిచయం? పుట్టగానే దీన్ని తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టారు. దీనితో నాకు పరిచయం ఏంటమ్మా? అది బయటివాళ్లకి. ఇది నా చెల్లెలు."

మడిచిన దుప్పటినే మళ్లీ ఊరికే సర్దాను.

"మరి ఇన్నాళ్లూ ఒక్క ఫోన్ కూడా చేయలేదేం?" అన్నాను.

"నువ్వు చేశావా?"

"నువ్వు పెద్దదానివి."

"ఆహా, నేను పెద్దదాన్నని ఇప్పుడు గుర్తొచ్చిందా తల్లీ?"

కొలతల అమ్మాయి మా మధ్యకి వచ్చి చేతులు జోడించింది. "సరే, మిమ్మల్ని ఒకే ఇంటివాళ్ల జంటల్లో వేసుకుంటాను. ఇంకొక్కసారి మడవండి. కొట్టుకోకుండా."

మళ్లీ కొసలు పట్టుకున్నాం. విదిలించాం. మడిచాం. దగ్గరికి నడిచాం. అక్క తన కొసలు నా చేతుల్లో పెట్టింది. పెట్టి, వదల్లేదు. ఆమె వేళ్లు నా వేళ్ల మీదే ఉండిపోయాయి. కణుపులు వాచి ఉన్నాయి. నేను లాగలేదు. తెర మీద గీత పిచ్చెక్కినట్టు ఎగిరిపడింది.

"అమ్మా, అక్కడ మీరు వదలాలి" అంది అమ్మాయి.

అక్క కదల్లేదు.

"ఎవరో ఒకరు వదలండమ్మా, కొలత చెడిపోతోంది!"

"చెడిపోనీ" అంది అక్క.

నాకూ వదలాలనిపించలేదు.