మొరం దారి

గుర్వయ్య ఆ పొద్దు కూడా మొరం మీద నీళ్లు చల్లి దిమ్మిస కొడుతున్నాడు. కొత్త దవాఖాన ముందరి మెట్లను సగం వెడల్పు మేర కప్పేస్తూ, నేల నుంచి వరండా వరకు ఏటవాలుగా తనొక్కడే పోసుకున్న దారి అది. పునాదులు తవ్వినప్పుడు మిగిలిన మొరం, ఎవరికీ అక్కరలేని మట్టి. పనయ్యాక రోజూ తట్టతో మోసి, తడిపి, కొట్టి, మళ్లీ తడిపి గట్టి చేశాడు. ఇవాళ దవాఖాన ప్రారంభం. ఇవాళే అతని భార్య అరుణమ్మ దాని మీద నడిచి లోపలికి పోవాలి.

మర్రిగూడ దిక్కు మెట్ట పల్లె వాళ్లది. గుర్వయ్యది కాంట్రాక్టరు దగ్గర కాంక్రీటుకు నీళ్లు పట్టే పని. స్లాబు పోసిన మర్నాడు దాని మీద చిన్న చిన్న గట్లు పోసి, మడులు కట్టి, నీళ్లు నిలపాలి. పత్తి, కంది తప్ప ఎరగని మనిషి జన్మలో మొదటిసారి మడి కట్టింది దవాఖాన నెత్తి మీద. ఊళ్లో నల్లా బందైన రోజుల్లో కూడా స్లాబుకు ట్యాంకరు తప్పలేదు. మనుషులు దాహానికి ఓర్చుకుంటారు గాని కాంక్రీటు ఓర్చుకోదు గదా.

అరుణమ్మ చిన్నప్పటి నుంచి ఆ ఊరి బోరు నీళ్లే తాగింది. ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి నడుము వంగిపోయింది, మోకాళ్లు కట్టెల్లా బిగుసుకున్నాయి. కర్ర పట్టుకుని చదును మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది. కొంచెం ఏటవాలైనా ఎక్కుతుంది. మెట్టు మాత్రం ఎక్కలేదు. ఒకసారి నల్లగొండలో ఒక డాక్టరు దగ్గరికి గుర్వయ్య ఆమెను భుజాన వేసుకుని మేడ ఎక్కాడు. దారిలో చీర తొలగింది. పైన నిలబడ్డ వాడెవడో "ఏం బస్తా తెచ్చినవ్ పెద్దాయనా?" అని నవ్వాడు. ఆ రోజు నుంచి అరుణమ్మ ఎవరి భుజమూ ఎక్కలేదు. కాళ్లు ఉబ్బినా, మూత్రం మంటెత్తినా, ఊళ్లో దవాఖాన లేచినంక తన కాళ్ల మీదనే పోతానని మొండికేసింది.

దవాఖాన లేచింది. కానీ దాని నక్ష పట్నంలో గీసింది. అన్ని మండలాలకూ ఒకటే నక్ష. అందులో ఎడమ పక్కన ర్యాంపు చక్కగా ఉంది. ఇక్కడ ఎడమ పక్కన ఏనుగంత బండ ఉంది. నక్షలో బండ లేదు, ఊళ్లో ఉంది. శాఖకు మాత్రం నక్షే నిజం. పేలుద్దామంటే పక్కనే ఇళ్లు. దాంతో ర్యాంపు ఆగింది. పైగా జాగా పల్లమని పునాది ఎత్తు పెంచారు, మెట్లు ఇంకా పెరిగాయి. ఇంజనీరమ్మ నిరోష ర్యాంపు ముందుకు మార్చమని పైకి రాసింది. ఆ కాగితం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి నిదానంగా పోతోంది. అది వచ్చేదాకా ఆగలేకనే గుర్వయ్య మొరం పోశాడు. నిరోష చూసి కూడా ఏమీ అనలేదు.

ఆ పొద్దు మాత్రం ఆమె జీపు దిగి నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"గుర్వయ్యా, గీ దిబ్బ తియ్యాలె. పెద్దసార్లు వస్తున్నరు. మెట్ల మీద పట్టా పరుస్తరట."

"మా ఇంటామె వస్తది మేడం. ఆమె ఎక్కినంక తీస్త."

"టైం లేదు" అంది నిరోష, షామియానా వైపు చూస్తూ.

గుర్వయ్య గడ్డపార తెచ్చాడు. మొరం ఊడి రాలేదు. అంత గట్టిగా కొట్టినందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఎవరినైనా ఎదిరించడం అతనికి పుట్టుకతో రాలేదు. చెప్పిన పని చెయ్యడం వచ్చు, అదే చేశాడు.

అరుణమ్మ పెట్టెలో దాచుకున్న నారాయణపేట చీర కట్టుకుని, కర్ర ఊనుకుంటూ ఊళ్లో నుంచి వచ్చింది. మెట్ల మీద తివాచీలాంటి ఆకుపచ్చ పట్టా పరిచి ఉంది. దాని పక్కన మట్టి మరక కూడా లేదు. గుర్వయ్య నీళ్ల పైపు పడేసి ఉరికాడు. ఒక్కసారి మోస్తానన్నాడు. ఎవరూ చూడరన్నాడు.

"అందరు చూస్తరు" అంది అరుణమ్మ. "బస్తా లెక్క పోను నేను."

వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయింది. అతను వెంట పోలేకపోయాడు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లమని కాంట్రాక్టరు కేకేశాడు. మైకులో పెద్దమనిషెవరో వైద్యాన్ని మీ గడప ముందుకే తెచ్చామని చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. గుర్వయ్య దుమ్ముకు నీళ్లు తాపుతూ నిలబడ్డాడు. అతనికి ఆ మైకు మీద కాదు, తన చేతుల మీద అసహ్యం వేసింది.

పొద్దుగూకి ఇంటికి పోతే అరుణమ్మ కంచంలో జొన్నరొట్టె పెట్టి ముందుకు జరిపింది. అప్పుడు అడిగింది.

"దారి ఎవరు తవ్విన్రు?"

"నేనే తవ్విన."

ఆమె తల ఊపింది. "తిను" అంది.

ప్రారంభమయ్యాక ఆ మెట్ల మీద మళ్లీ మట్టి పోయనివ్వలేదు. వానలు పడకముందే అరుణమ్మ పోయింది. మూత్రం బందై ఒళ్లంతా ఉబ్బింది. పిలిచిన బండి వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆ దవాఖాన లోపల ఎట్లా ఉంటుందో ఆమె చూడనే లేదు.

ర్యాంపు ఆ తర్వాత మంజూరైంది. ఆ మాట చెప్పేటప్పుడు నిరోష గుర్వయ్య ముఖంలోకి చూడలేదు. మెట్లు సగం పగలగొట్టి, సరిగ్గా అతను మొరం పోసిన చోటనే కాంక్రీటు పోశారు. నీళ్లు పట్టడానికి మళ్లీ అతన్నే పిలిచారు. గుర్వయ్య వచ్చి, గోనె సంచులు పరిచి తడిపి, పైపు చుట్టి పెట్టి ఇంటికి పోయాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాత కూడా ఆ పనికి రాలేదు. ర్యాంపు మీద సంచులు గాలికి లేవకుండా అడ్డంగా పెట్టి ఉంది, పిడి దగ్గర అరిగి నున్నబడిన అరుణమ్మ చేతికర్ర.