వరుసలో మొదటి మనిషి

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మైకు వదిన అనేవారు. నలభై మిషన్లు ఒక్కసారిగా మోగుతున్నా ఆమె గొంతు చివరి వరుస దాకా వినిపించేది.

ఆసుపత్రి తరఫున హెచ్ఐవీ పరీక్షల గురించి చెప్పడానికి నేను అక్కడికి వెళ్లడం అది మూడోసారి. అంతకుముందు ఒక్కరూ వేలు చాపలేదు. "మేమేమైనా తిరుగుబోతులమా?" అని ముఖం మీదే అడిగారు.

ఈసారి మైకు వదినే నన్ను ఆదుకుంది. "సూది మనకేమన్నా కొత్తా? రోజూ గుచ్చుకునేదేగా! రండే, ముందు నేను!" అంది. అందరూ నవ్వారు. ఆమె వెనక పద్నాలుగు మంది నిలబడ్డారు. అంత వరుసను చూసి నేను పొంగిపోయాను. ఒక్కొక్కరినీ విడిగా పిలవాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

స్టోరు గదిలో, దారపు పెట్టెల మధ్య, ఆమె రక్తానికి మూడు పరీక్షలు చేశాను. మూడూ ఒకే మాట చెప్పాయి.

మందులున్నాయనీ, వాడితే అందరిలాగే బతకొచ్చనీ చెప్పాను. ఆమె నేల చూపులు చూస్తూ, "మా ఆయన దగ్గర తెల్ల డబ్బా ఉంటుంది. నడుం నొప్పి బిళ్లలన్నాడు. రెండేళ్లయింది" అంది. తలెత్తి, "పాప ఇంకా పాలు తాగుతోంది అమ్మాయ్" అంది.

నా నోటి నుంచి మాట బయటికి పొక్కలేదు. కానీ ఆమె ముఖం చూడగానే వరుస చెదిరిపోయింది. వారం తిరక్కుండా సూపర్‌వైజరు, "కొన్నాళ్లు ఇంట్లో ఉండమ్మా" అన్నాడు.

ఆసుపత్రిలో పాపకూ ఉందని తేలింది. భర్త గోడకు ఆనుకుని, "చెప్తే వెళ్లిపోతావని భయపడ్డాను" అన్నాడు.

"భయం నీదే, బిళ్లలూ నీవే. జబ్బొక్కటే ముగ్గురికీ పంచావు" అందామె.

పాపకు మందు మొదలుపెట్టారు. అప్పటికే ఊపిరితిత్తులు చెడ్డాయి. పాప ఆ వానాకాలం దాటలేదు.

తర్వాత ఆ పద్నాలుగు మందిలో ఆరుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆసుపత్రికి వచ్చి పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికి ఉంది. సమయానికే తెలిసింది. ఆ సంగతి మైకు వదినకు చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడామె అక్కగారింట్లో ఉంటోంది. నెలకోసారి వెళ్తాను.

"మందులు వేసుకుంటున్నావా వదినా?"

"బతకమన్నారుగా. వేసుకుంటున్నా."