కాళ్లకు చెక్కలు

గల్ఫ్ యుద్ధం ముగిశాక రెండో చలికాలం. సౌదీలో హుఫూఫ్ ఊరి బయటి ఇసుకతిన్నె మీద లక్ష్మణ్ సారు మంచులో జారడం నేర్చుకుంటుంటే నర్సింలుకు నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. మంచేమో ఎక్కడో ఆల్ప్స్ కొండల్లో ఉంది. సారేమో ఇక్కడ ఉన్ని టోపీ పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

లక్ష్మణ్ కాకినాడ మనిషి, కంపెనీలో సైట్ ఇంజనీరు. సేఫ్టీ మేనేజరు తెల్లదొర, లేబర్ నోట గోరా సాబ్, ఏటా సెలవుల్లో మంచుకొండలెక్కుతాడు. ఈసారి తోడు వస్తావా అని మాటవరసకు అడిగాడు, అంతే. ఐస్‌క్రీములో తప్ప మంచు ఎరగని మహానుభావుడు "ష్యూర్ సర్" అనేశాడు. గోరా సాబ్ నరకానికి రమ్మన్నా ముందు బ్యాగు సర్దుకునే రకం ఇతను.

ఇక ఏర్పాట్లు చూడాలి. కాళ్లకు కట్టుకుని జారే పొడుగాటి చెక్కలు విమానంలో వచ్చాయి. మంచులో పూడిపోతే జాడ చెప్పే డబ్బా మెడలోకి వచ్చింది. మడతపెట్టే పార, మూడు జతల మేజోళ్లు, కళ్లకు నల్లద్దాలు. యుద్ధమప్పుడు ఇదే కంపెనీ ఆఫీసువాళ్లకు గ్యాస్ మాస్కులిచ్చి, లేబర్‌ను మూతికి తడి తువ్వాల కట్టుకోమంది. ఇప్పుడు ఈ సరంజామా అంతా మోయడానికి నర్సింలు కావాలి. శుక్రవారం లేబర్‌కూ సెలవేనని ఎవడికి గుర్తు?

అన్నిటికన్నా ఆ చెక్కల్ని చూస్తేనే అతని కడుపు రగిలింది. ఆరు నెలల కింద పైపులైను కోసం రెండు నిలువుల లోతు కాలువ తవ్వుతున్నప్పుడు, పక్కలు కూలకుండా ఆపడానికి చెక్కలు కావాలని ఇదే సారును బతిమాలాడు. "చెక్కల్లేవు, తవ్వండి" అన్నాడు సారు. మూడో రోజు పక్క కూలింది. చేతులతో తోడి బయటికి తీసేసరికి, అడుగున తవ్వుతున్న మల్లేశం నోటినిండా ఇసుకే. కోరుట్ల దగ్గర అతనిదీ నర్సింలుదీ ఒకే ఊరు.

రిపోర్టు లక్ష్మణే రాశాడు. చెక్కలు పెట్టే ఉన్నాయట, మల్లేశమే వాటిని పీకేసి దిగాడట. ఆ మాట ఊరిదాకా పాకింది. మొగుడు చచ్చిన బాధ చాలదన్నట్టు, వాడి తప్పుకు వాడే పోయాడన్న మాటలు పడుతోంది మల్లేశం పెళ్లాం. ఆ అబద్ధం కొట్టేయమని నర్సింలు రెండుసార్లు అడిగాడు. రెండోసారి సారు తలెత్తకుండానే "ఎగ్జిట్ కొట్టించమంటావా?" అన్నాడు. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టారంటే మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టేది లేదు. నర్సింలు నోరు మూసుకున్నాడు. మూసుకున్నందుకు తనమీద తనకే అసహ్యం.

గోరా సాబ్ చెక్కలు కట్టుకుని తిన్నె పైకి ఎక్కుతున్నాడు. కింద లక్ష్మణ్ తన చెక్కలు విప్పి పారేసి, తిన్నె వానకు గట్టిపడి నిట్టనిలువుగా నిలిచిన చోట పార దింపాడు.

"తుఫానొస్తే మంచులో గుహ తవ్వుకుని దూరాలిరా. సార్ దిగేలోపు తవ్వి చూపిస్తాను."

"పైపైననే తడి, లోపలంత ఎండిసుక సార్ ఇది, మంచు గాదు. లోపలికి తవ్వితే మీదికెల్లి జారుతది. నడుముకు తాడన్న కట్టుకోండ్రి, కొస నేను పట్టుకుంట."

"పార పట్టేవాడివి, నువ్వా నాకు చెప్పేది!"

తల, భుజాలు, నడుము లోపలికి పోయాయి. ఆ తర్వాత చప్పుడైనా లేకుండా తిన్నె కిందికి దిగింది. బూట్లు కూడా కనబడలేదు.

ఉండనీ అనిపించింది నర్సింలుకు. ఒక్క క్షణం, నిజంగానే అనిపించింది.

గోరా సాబ్ జారుకుంటూ వచ్చాడు. అతని డబ్బా లక్ష్మణ్ మెడలోని డబ్బాను పసిగట్టి కీచుకీచుమని చోటు చెప్పింది. చోటు చెప్పడమే దానికి వచ్చు, తవ్వడం రాదు. సాబ్ పైనుంచి పారతో పొడిచేకొద్దీ ఇంకా ఇసుక దిగుతోంది. నర్సింలు అతని చెయ్యి పట్టి అవతలికి లాగాడు. సాబ్ విప్పినవీ సారు పారేసినవీ నాలుగు చెక్కల్నీ పైవైపు వరసగా దిగ్గొట్టి, వాటికి బ్యాగులు అడ్డం వేసి ఇసుకను ఆపాడు. తను పల్లం వైపునుంచి చేతులతో తోడాడు. కాలువలో మల్లేశానికి దక్కని చెక్కలు అవి. తోడుతూనే ఏడ్చాడు, తిట్టాడు.

నడుము బెల్టు చేతికందింది. గుంజి పడేశారు. లక్ష్మణ్ దగ్గాడు, కక్కాడు, బతికాడు.

గోరా సాబ్ దిగ్గొట్టిన చెక్కల్ని చూసి, ఈ పద్ధతి ఇతనికి ఎవరు నేర్పారని ఇంగ్లిష్‌లో అడిగాడు.

మూతికి అంటిన ఇసుక ఇంకా తుడుచుకోనే లేదు, లక్ష్మణ్ అన్నాడు: "నేనే సర్. నా సైట్‌లో ప్లాంక్స్ లేకుండా ఎవరూ దిగరు."

నర్సింలుకు ఆ ఇంగ్లిష్‌లో తెలిసింది ఒక్క ప్లాంక్సే. అదే చాలు. ఎగ్జిట్ కొడితే కొట్టనీ అనుకున్నాడు.

"నో సాబ్," అన్నాడు. "నో ప్లాంక్. మల్లేశం డెడ్. రిపోర్ట్ రాంగ్."

గోరా సాబ్ మొహంలో నవ్వు పోయింది. సేఫ్టీ మేనేజరుగా ఆ రిపోర్టు కింద సంతకం అతనిదే. లక్ష్మణ్ వైపు తిరిగాడు. "ఆ రోజు ప్లాంక్స్ ఉన్నాయని రాశావు. ఉన్నాయా?"

లక్ష్మణ్ గొంతులో ఇసుక అడ్డం పడ్డట్టు దగ్గుతూ కూర్చున్నాడు.

నర్సింలు నీళ్ల సీసా మూత తీసి అతని చేతిలో పెట్టాడు.

"తాగు సార్," అన్నాడు. "తాగి చెప్పు."