అబ్బులు పెట్టని సంతకం

నా కొడుకు అబ్బులు చేతిలో గునపం దిగడానికి కారణం నేనే. ఊళ్లో అందరూ కాలుజారి పడ్డాడనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

కరోనా వచ్చి మార్చిలో బడులు మూసేసినప్పుడు నా మనవరాలు దుర్గాశ్రీ తొమ్మిది చదువుతోంది. పరీక్షలు లేకుండానే పదిలోకి వేశారు. దాని తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లి, విమానాల్లేక అక్కడే చిక్కుకుపోయింది. అబ్బులు కొబ్బరికాయలు ఒలుస్తాడు. లారీలు ఆగిపోయేసరికి ఆ పనీ పోయింది. అప్పుడు పిల్లను రొయ్యల షెడ్డుకు పంపాడు. నాలుగు రోజులే కదా అని నేనూ నోరు మూసుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. లారీలు మళ్లీ తిరిగాయి, వాడికి పని దొరికింది, అయినా పిల్లను మాన్పించలేదు. పొద్దస్తమానం ఐసునీళ్లలో రొయ్యల తలలు తీసీ తీసీ దాని వేళ్లు పుండ్లుపడ్డాయి. దాని కూలి వాడి సీసాకే సరిపోయేది. బడి కంటే ఆరు నెలల ముందు బ్రాందీ షాపు తెరిచారు మరి!

నవంబరు రెండున బడి తెరుస్తున్నామని సుధాకర్ మాస్టారు ఒక కాగితం ఇచ్చి వెళ్లారు. కరోనా రోజులు కాబట్టి, పిల్లను పంపడం మాకిష్టమేనని ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాలట. ఇంట్లోవాళ్లంటే తండ్రేననుకున్నాం.

ఆదివారం పొద్దున్న వాడు పెరట్లో కాయలు ఒలుస్తున్నాడు. నేలలో నిలువుగా పాతిన గునపం మొన మీద కాయను పొడిచి పైనున్న పీచు డొక్క విరుస్తారు, అదీ ఒలుపంటే. పిల్ల కాగితం పట్టుకుని వెళ్లింది.

“నాన్నా, ఇక్కడొక్క సంతకం.”

“బడీ లేదు, గిడీ లేదు. రేపు షెడ్డు వ్యానెక్కు.”

“నేనెక్కను.”

వాడు దాని జడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలి రక్తం కారింది. మళ్లీ కొట్టాడు. నేను అన్నం వారుస్తున్నదాన్ని, గిన్నె అక్కడే పడేసి పరుగెత్తాను.

“వదలరా దాన్ని! చచ్చిపోద్ది!”

“నీకెందుకే ముసలిదానా! నా కూతురు, నా ఇష్టం!”

కిందపడిన పిల్ల మెడ మీద కాలేశాడు. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. పక్కనున్న పచ్చి కొబ్బరిమట్ట తీసి వాడి వీపు మీద కొట్టాను, తల మీద కొట్టాను, మోకాలి మీద కొట్టాను. కన్నకొడుకన్న తలపే రాలేదు. వాడు తూలి, ఆపుకోవడానికి కుడిచెయ్యి చాపాడు. గునపం అరచేతిలో దిగి అవతలికి వచ్చింది. మణికట్టు పట్టుకుని నేనే పైకి లాగాను. వాణ్ని కన్ననాడు కూడా అంత రక్తం చూడలేదు.

అమలాపురం ఆస్పత్రిలో కుట్లు వేశారు. మూడు నెలలు పని చేయకూడదన్నారు. వాడి కుడిచేతికి దెబ్బ తగిలిందని విని సాయంత్రం మాస్టారు ఇంటికి వచ్చారు.

“తండ్రి సంతకమే కావాలని లేదండీ. మీ వేలిముద్ర చాలు.”

“ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదండీ!” అని అరిచాను. పాపం, ఆయనేం చేస్తాడు? ఏడుస్తూనే ముద్ర వేశాను.

సోమవారం పిల్ల వాచిన ముక్కు మీద మాస్కు కట్టుకుని బడికి వెళ్లింది. ఇంట్లో ముగ్గురం తినాలి కదా, షెడ్డు వ్యాను నేనెక్కాను.

తిరిగొచ్చాక అన్నం కలిపి అబ్బులు నోటికి అందించాను. కుడిచెయ్యి కట్టులో ఉంది, తినలేడు. నా వేళ్లు ఐసుకు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. వాడు నా కళ్లలోకి చూస్తూ వేలు కొరికాడు. రక్తం వచ్చినా వదల్లేదు.

నేను చెయ్యి తీయలేదు.

“కొరుకురా, నీ కసి తీరా కొరుకు,” అన్నాను. “రేపు కూడా అది బడికే పోద్ది.”

వాడు వదిలాక ఇంకో ముద్ద కలిపాను.