రెండు కాలేజీల తిరుమల్

తిరుమల్ పదకొండేళ్లపాటు ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పాడు. అతని దగ్గర చదివిన పిల్లలు కార్లు కొంటుంటే, అతను ఇంకా తుర్కయాంజాల్ నుంచి షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చేవాడు. భార్య వైశాలి పోరు పడలేక, నలభై ఏళ్ల వయసులో పడీపడీ చదివి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం కొట్టాడు. ఆఫర్ లెటర్ వచ్చిన సాయంత్రమే రాజీనామా రాసిచ్చాడు. అంత తొందరేమిటనకండి, పదకొండేళ్లు ఆగినవాడి తొందర అది.

సోమవారం చేరాలనగా గురువారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, మూడేళ్లుగా మీరు రెండు కాలేజీల్లో ఒకేసారి ఫుల్‌టైమ్ చేస్తున్నట్టు రికార్డుల్లో ఉంది. రెండోది తప్పని రేపటిలోగా కాలేజీ లెటర్ తేవాలి. లేకపోతే ఆఫర్ రద్దవుతుంది."

ఆ రెండో కాలేజీ ఏదో తిరుమల్‌కు వెంటనే తెలిసిపోయింది. యాజమాన్యానికి వేరే పేరుతో ఇంకో కాలేజీ ఉంది. అక్కడ ఉండాల్సిన లెక్చరర్లలో సగం మందే ఉంటారు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడల్లా ఇక్కడివాళ్లను బస్సెక్కించి అక్కడి కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. టై కట్టుకుని ఒక పూట కూర్చోవడం, బిర్యానీ తినడం, రిజిస్టర్‌లో ఏడాదికి సరిపడా సంతకాలు గీకడం. తిలాపాపం తలా పిడికెడు. అది తప్పని తిరుమల్‌కు ఒక్కనాడూ తోచలేదు.

శుక్రవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ శ్రీపాల్ దగ్గరికి పరుగెత్తాడు. బస్సెక్కించింది ఆయనే.

"అన్నా, నేను ఆడ ఎన్నడు పన్జెయ్యలేదని ఒక్క కాయితం రాసియ్యి. నా బతుకు నీ చేతుల ఉన్నది."

"ఎట్ల రాసియ్యాలె తిరుమల్? గట్ల రాస్తే దొంగ పేర్లు పెట్టినమని మేమే ఒప్పుకున్నట్లయితది. కాలేజి మూతపడ్తది."

"అయితే నా నౌకరన్న నాకియ్యి."

"నీ జాగల శివానిని తీస్కున్నం. నిన్ననే చేరింది."

ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె. తిరుమల్ సిగ్గు విడిచి అడిగాడు.

"ఆ కాలేజిలనన్న పెట్టన్నా. నా పేరు ఎట్లన్న ఉన్నదే గదా."

శ్రీపాల్‌కు జాలేసింది. జాలేసినా ఉన్నమాటే చెప్పాడు.

"నువ్వు రాకున్నా నీ పేరు ఆడ మంచిగ నడుస్తున్నది. వస్తే జీతమియ్యాలె. మేనేజ్‌మెంటోళ్లు ఎందుకొప్పుకుంటరు?"

"పేరన్న తీసెయ్యి. ఇంకో కంపెనీ చూసుకుంట."

"వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉన్నది. గది అయినంక చూద్దం."

ఆ సాయంత్రం ఆఫర్ రద్దయిందని మెయిల్ వచ్చింది. రెండో ఉద్యోగం దాచిపెట్టడమే కారణమని అందులో స్పష్టంగా రాశారు. తిరుమల్ ఫోన్ వైశాలి చేతికిచ్చాడు. ఓదారుస్తుందనుకున్నాడు, పాపం. ఆమె రెండుసార్లు చదివింది. తలెత్తినప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు లేవు.

"మూడేండ్ల సంది ఆడ గూడ చేస్తున్నవా? గా జీతం ఎవ్వరికిస్తున్నవ్?" అని అడిగింది.