కాఫీ గింజలకి పట్టిన వాసన

లక్ష్మీదుర్గ ఇంట్లో కాఫీ గింజలు వేయించే మిషను పెట్టిందని తెలిసినప్పుడు పల్లెపాలెం అంతా ముక్కున వేలేసుకుంది. అంతర్వేది దగ్గర, సముద్రాన్ని ఆనుకుని, చేప తప్ప మరో మాట లేని ఊరండీ అది. అక్కడ టీ తాగేవాళ్ళే గానీ కాఫీ మొహం చూసే నాథుడు లేడు. అలాంటి చోట ఈ పిల్ల అరకు కొండల నించి పచ్చి గింజలు తెప్పించి, రైసు కుక్కరంత ఉన్న మిషన్లో పోసి, కరెంటు పెట్టి వేయిస్తోందంటే నవ్వరా మరి? తెగ నవ్వారు. నవ్విన వాళ్ళే సాయంత్రమయ్యేసరికి ఆ వాసనకి గుమ్మం ముందు నిలబడి, ఏంటమ్మాయ్ ఇంత కమ్మగా ఉంది అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు.

ఈ విద్య దానికి రాజమండ్రిలో అబ్బింది. అక్కడో కాఫీ షాపులో కొన్నేళ్ళు పనిచేసింది. షాపు మూతపడితే అందరూ ఏడుస్తూ ఇళ్ళకి పోయారు, ఇది మాత్రం మూలన పడున్న ఆ చిన్న మిషను బతిమాలి కొనుక్కుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. ఎందుకంటే ఊళ్ళో ఆడపిల్లకి ఉన్న పని ఒక్కటే, రొయ్యల కంపెనీలో తలకాయలు తియ్యడం. ఐసు నీళ్ళలో పొద్దస్తమానం చేతులు పెట్టి, వేళ్ళు తిమ్మిరెక్కి, గోళ్ళు ఊడి వచ్చే పని. ఆ కంపెనీ వ్యాను ఎక్కకుండా, తన ఇంట్లో, తను నేర్చుకున్న పనితో బతకాలని దాని పంతం. అంతకు మించి అది అడిగిందేమీ లేదు.

పచ్చి గింజ వేయించడమంటే వేరుశనక్కాయలు వేయించడం కాదండోయ్. మొదట పచ్చిగడ్డి వాసన, తరవాత ఎండుగడ్డి, ఆ తరవాత రొట్టె కాలుతున్న వాసన వస్తుంది. రంగు తిరిగి, గింజ ఉబ్బి, చిటపటమని పేలుతుంది. పేలడం మొదలయ్యాక మనిషి పక్కకి కదలకూడదు. కాస్త ముందు ఆపితే పులుపు, కాస్త ఆలస్యమైతే మాడు. ఆపగానే జల్లెట్లో పోసి ఫ్యాను కింద చల్లార్చాలి, పొట్టు ఇల్లంతా ఎగురుతుంది. చల్లారినవి డబ్బాలో ఓ రెండు రోజులు అలాగే ఉంచి అప్పుడు మర పట్టాలి. కరెంటు మధ్యలో పోయిందా, అంతా గంగపాలు. అలా ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు కూలబడి ఏడ్చిందో దానికే తెలియాలి.

వాళ్ళమ్మ రత్తమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. మొగుడు సముద్రంలో పోయినప్పటి నించీ ఆ తట్టే ఇద్దర్నీ సాకింది. ఒడ్డున ఇసకలో చేపలు ఎండేసుకునే చోట్లు ఉంటాయి, ఎవరి చోటు వాళ్ళది. రత్తమ్మ చోటు ఆవిడ అత్తగారి నించి వచ్చింది. అందరికన్నా ఎత్తు మీద ఉంటుంది, పోటు వచ్చినా నీళ్ళు తాకవు. ఎండిన చేప తెచ్చి తట్టల్లో కుక్కి ఇంటి వెనక పాకలో పెడుతుంది. గింజలు ముందు గదిలో, మూత బిగించిన డ్రమ్ములో ఉంటాయి. ఇల్లు మాత్రం ఒకటే కదా.

సరే, సరుకు తయారైంది. కొనేవాళ్ళు కావాలి. రాజమండ్రిలో శ్యామలాంబ గారని ఒకావిడ ఇంటి వంటల దుకాణం పెట్టారు. పచ్చళ్ళు, పొడులు, ఆత్రేయపురం పూతరేకులు, ఏది పెట్టినా జనం ఎగబడి కొంటారు. అక్కడ తన కాఫీపొడికి ఓ అర దొరికితే చాలు, ఇక రొయ్యల వ్యాను వైపు చూడక్కర్లేదు. లక్ష్మీదుర్గ గుండె చిక్కబట్టుకుని వెళ్ళి పొడి ఇచ్చింది. ఆవిడ అక్కడికక్కడే డికాక్షన్ తీసి తాగి, ఎంత కమ్మగా ఉందమ్మా అని పొంగిపోయారు. వెంటనే పంపమన్నారు. బస్సులో పార్సిల్ వెళ్ళింది, అమ్ముడుపోయింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అమ్ముడుపోయింది. రత్తమ్మ ఆ వారమంతా ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ మా అమ్మాయి కాఫీ రాజమండ్రిలో తాగుతున్నారని చెప్పుకుంది. చేపలు బేరమాడే వాళ్ళకి కూడా చెప్పింది.

ఇంతలో శ్యామలాంబ గారు నరసింహస్వామి దర్శనానికి అంతర్వేది వచ్చారు. ఇంతదూరం వచ్చాను కదా, మీ మిషను కూడా చూసి పోతానని ఫోన్ చేశారు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆవిడ మంచి మనిషే. కారు దిగి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, మిషను చూసి ముచ్చటపడ్డారు. రత్తమ్మ హడావిడిగా కుర్చీ తుడిచి వేసింది. ఆ చేత్తోనే మంచినీళ్ళు తెచ్చింది. పాక తలుపు తీసే ఉంది. ఆవిడ అటు ఒకసారి చూశారు, గ్లాసు అందుకుని పక్కన పెట్టారు, ఎండ ఎక్కుతోందని లేచారు. అంతే జరిగింది. ఒక్క మాట తేడాగా అనలేదు.

ఆ తరవాత పంపిన పార్సిల్ తిరుగు బస్సులో ఇంటికి వచ్చేసింది. వెనకే ఫోను.

"ఏమనుకోకు తల్లీ, కొన్నవాళ్ళు కాస్త నీచు వాసన తగులుతోందంటున్నారు. నాకైతే తెలీలేదనుకో. కానీ నలుగురూ అన్నాక అమ్మలేను కదా," అన్నారు శ్యామలాంబ గారు.

లక్ష్మీదుర్గ ఫోను పెట్టేసి పార్సిల్ విప్పింది. ప్యాకెట్టు చింపి వాసన చూసింది. కాఫీ వాసనే. గింజలు చూసింది, పచ్చివి చూసింది, డ్రమ్ము మూత వాసన చూసింది, చివరికి గోడ వాసన కూడా చూసింది. ఎంత చూసినా కాఫీ వాసనే! పక్కింటి వాళ్ళకి చూపించింది, కాఫీయేనమ్మా అన్నారు. ఆటో అబ్బులుకి చూపించింది, అతనూ కాఫీయే అన్నాడు. అనక ఏం చేస్తారండీ? అందరూ చేపల మధ్య పుట్టి చేపల మధ్య పెరిగిన వాళ్ళేనాయె. ఆ వాసన ఉందో లేదో చెప్పగల ముక్కు ఊరు మొత్తం మీద ఒక్కటి లేదు. తన ముక్కూ ఆ ఊరిదే. తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవచ్చు. తనకి కనపడని తప్పుని ఏం పట్టుకుని దిద్దుకుంటుంది?

మరి ముందు రెండుసార్లూ ఎందుకు రాలేదు వాసన? అప్పుడు ఎండల కాలం, చేప గలగలా ఎండింది, ఇప్పుడు ముసురు, తడి చేప ఎక్కువ నీచు వేస్తుంది, గింజ కూడా గాల్లో ఏముంటే అది పీల్చేసుకుంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. వేరే అనుమానం రాకపోలేదు. వచ్చింది, కానీ అంత మంచావిడ మీద అలాంటి అనుమానం పెట్టుకోవడానికి సిగ్గేసింది.

సంగతి రత్తమ్మకి చెప్పకుండా ఉంటే పోయేది. తిరిగొచ్చిన పార్సిల్ ఎన్నాళ్ళు దాస్తుంది? రత్తమ్మ విననే వింది. పాకలో తట్టలన్నీ తీసుకెళ్ళి చెల్లెలింట్లో పెట్టేసింది. చేతులు చింతపండు పెట్టి తోమింది, బూడిద పెట్టి తోమింది, కూతురు పారబోసిన కాఫీ పిప్పి ఏరుకొచ్చి మోచేతుల దాకా రుద్దుకుంది. అయినా మనసు ఊరుకోక, కూతురు బజారుకెళ్ళిన సమయం చూసి డ్రమ్ము మూత తీసి, గింజలకి సాంబ్రాణి పొగ వేసింది. పసిపిల్లకి తలంటు పోశాక వేసినట్టు, శ్రద్ధగా, డ్రమ్ము అంచుకి బట్ట కప్పి మరీ వేసింది! ఆ గింజలు వేయిస్తే వచ్చిన కాఫీ తాగితే గుళ్ళో కూర్చుని తాగినట్టుంది. బస్తా సరుకు దిబ్బలో కలిసింది. లక్ష్మీదుర్గకి అరవాలో నవ్వాలో తెలీలేదు. అరిచింది. ఆ పైన అమ్మ మొహం చూసి ఎందుకు అరిచానా అని కుమిలిపోయింది.

మళ్ళీ కొత్త గింజలు తెప్పించి, వేయించి, మళ్ళీ పంపింది. మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి శ్యామలాంబ గారు ఫోన్ కూడా చెయ్యలేదు, మెసేజ్ పెట్టారు. ఇంకోచోట ప్రయత్నించుకోమ్మా, నీ చేతిలో పనితనం ఉంది అని రాశారు.

రాజమండ్రి షాపులో లక్ష్మీదుర్గతో కలిసి పనిచేసిన సత్యవేణి అని ఒకమ్మాయి ఉంది. కోరుకొండ పక్కన రైతుల పిల్ల, మాట పెళుసు. అది ఊరికే చూసి పోదామని వచ్చి, ఈ తిరిగొచ్చిన ప్యాకెట్లు గుట్టగా చూసి, సంగతంతా విని, ఒకటి విప్పి వాసన చూసింది. నాకైతే ఏమీ తెలియట్లేదే అంది. నీకు నా మీద ప్రేమ, నువ్వలాగే అంటావు అని లక్ష్మీదుర్గ కొట్టిపారేసింది. పోనీ ఇవి నాకివ్వు, మా ఇంట్లో తాగుతాం అని సంచీ నిండా వేసుకుని పోయింది. తాగడానికేగా అనుకుంది లక్ష్మీదుర్గ.

ఓ నాలుగు రోజులు పోయాక, పొద్దున్నే ఆఖరి గింజలు మిషన్లో వేసి నిలబడి ఉంది. ఇవి అయ్యాక మిషను అమ్మేసి రొయ్యల వ్యాను ఎక్కడమేనని అప్పటికే నిశ్చయించుకుంది. గింజలు పేలడం మొదలైన సమయానికి సత్యవేణి ఫోను. ఎత్తి స్పీకర్లో పెట్టింది.

అవతల సత్యవేణి ఊగిపోతోంది. ఆ ప్యాకెట్ల కాఫీనే వేరే కవర్లో పోసి, మా ఇంట్లో వేయించానండి, కోరుకొండ నించి తెచ్చానండి అని శ్యామలాంబ గారికి ఇచ్చిందట. ఆవిడ డికాక్షన్ తీసి తాగి, మురిసిపోయి, అప్పుడే అరలో పెట్టించారట. ఇక నెలనెలా పంపమన్నారట.

"ఇంకేమందో తెలుసా? శుభ్రమైన ఇంట్లో వేయించిన గింజల రుచే వేరమ్మా అంది. అదే కాఫీయే దుర్గా! నీ చేత్తో వేయించి, మీ ఇంట్లో మర పట్టిందే. ఏ వాసనా లేదు, ఎప్పుడూ లేదు."

లక్ష్మీదుర్గ అలాగే నిలబడిపోయింది. మిషన్లో గింజలు మాడి పొగ వస్తున్నా తెలీలేదు. తెలిశాక స్విచ్చి కట్టేసింది. ఒళ్ళంతా కోపం, దాని వెనకే ఏదో తేలిక. వాసన లేదు. అమ్మ తప్పు లేదు. ముందు ఆ మాట అమ్మతో చెప్పెయ్యాలి, తట్టలు తెచ్చి మళ్ళీ పాకలో పెట్టించాలి. అమ్మ పొద్దున్నే ఒడ్డుకి పోయింది. జుట్టు కూడా ముడేసుకోకుండా పరిగెత్తింది.

ఒడ్డున రత్తమ్మ చోటు దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. మధ్యలో వాళ్ళమ్మ, ఎదురుగా, పక్క చోట్లో చేపలు ఎండేసుకునే సూరమ్మ కొంగు పట్టి ఉంది. ఆ కొంగులో దోసెడు ఉప్పు.

ఆ ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా చోటు వదులుకుంటే, అందరి ఎదుటా, తీసుకునే మనిషి కొంగులో ఉప్పు పోస్తారు. పోసిన ఉప్పు వెనక్కి తీసుకునేది లేదు. ఆ పైన తల్లి వచ్చి ఏడ్చినా, కూతురు వచ్చి మొత్తుకున్నా ఆ చోటు మళ్ళీ రాదు. పెద్దలు పెట్టిన మాట, ఎవరూ దాటరు. సూరమ్మ అప్పుడే కొంగు ముడేసుకుంటోంది. మీ అమ్మ మారాణిలాంటి చోటు నా చేతిలో పెట్టిందే అమ్మాయ్ అని కళ్ళొత్తుకుంటోంది.

రత్తమ్మ కూతుర్ని చూసింది. చేతులకి అంటిన ఉప్పు చీరకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆవిడ మొహంలో ఏడుపేమీ లేదు, పెద్ద పని ఒకటి చేసేసిన మనిషిలా ఉంది.

"ఇంక నా ఇంట్లోకి చేప రాదమ్మా. ఆ రాజమండ్రి ఆవిడకి ఈ మాట చెప్పి, ఇంకొక్కసారి అడుగు. తీసుకుంటారేమో."

లక్ష్మీదుర్గ నోరు తెరిచింది. ఏమని చెప్తుంది? నీ చేపకి వాసన లేదమ్మా, వాళ్ళకి మనమే వాసన అని చెప్పాలా? పోసిన ఉప్పు ఊరికే పోయిందని చెప్పాలా? చుట్టూ ఆడవాళ్ళు చూస్తున్నారు. అమ్మ తన మొహం వంకే, పరీక్ష రాసొచ్చిన పిల్ల టీచరు వంక చూసినట్టు చూస్తోంది.

"తీసుకున్నారమ్మా," అంది. అబద్ధం కాదు. "పొద్దున్నే ఫోన్ వచ్చింది."

రత్తమ్మ రెండు చేతులూ ఎత్తి అంతర్వేది వైపు దణ్ణం పెట్టింది. అప్పుడు వచ్చాయి ఆవిడకి కన్నీళ్ళు. గుంపులో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అంది.

"చూశావా? నేననుకున్నది నిజమే. ఇన్నాళ్ళూ నా వాసనేనమ్మా నిన్ను తిన్నది."