అనంతగిరి ఆదివారాలు

నేను ఒక గేర్ల సైకిల్ని. కొండదారుల కోసం పుట్టినదాన్ని. ప్రస్తుతం వికారాబాద్‌లో ఒక ఇంటి వరండాలో, వాషింగ్ మెషిన్ పక్కన నిలబడి ఉన్నాను. లావుపాటి పళ్ల టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, ఇంత హంగు పెట్టుకుని చేస్తున్న ఘనకార్యం ఇదీ.

లుధియానాలో నన్ను బిగించినప్పుడు ఏవేవో ఊహించుకున్నాను. తీరా హైదరాబాద్‌లో నన్ను కొన్నాయన పొట్ట తగ్గించుకోవడానికి కొన్నాడు. రెండు వారాలు తొక్కాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో నామీద తడి తువ్వాళ్లు ఆరేసేవారు. పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. వస్తువు కొనగానే సగం పని అయిపోయిందనుకుంటారు మనుషులు. వాళ్ల మీద నాకు కోపం లేదు గానీ, ఆ తువ్వాళ్ల వాసన మాత్రం మర్చిపోలేదు.

నన్ను అక్కణ్ణుంచి విడిపించినవాడు నర్సింగ్‌రావు. వికారాబాద్‌లో మందుల షాపు ఆయనది. ఆదివారం పొద్దున్నే తన గుంపుతో నన్ను అనంతగిరి అడవిలోకి తీసుకెళ్లేవాడు. మొదటిసారి వానలో కొండ దిగినప్పుడు ఎర్రబురద నా గొలుసులోకి, బ్రేకుల్లోకి, ఆయన పళ్ల సందుల్లోకి కూడా దూరింది. ఆయన తుపుక్కున ఉమ్మేసి పకపకా నవ్వాడు. నేను పుట్టింది ఇందుకే కదా అనిపించింది.

ఆ గుంపుకొక అలవాటుంది. ముందు వెళ్లేవాళ్లు గుంత చూస్తే "గుంత!" అనీ, చెట్టు వేరు చూస్తే "వేరు!" అనీ అరవాలి. ఆ కేక ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా అందాలి. నర్సింగ్‌రావు ఎప్పుడూ ఫరీద్ వెనకే తొక్కేవాడు. ఫరీద్ బడిలో డ్రాయింగు మాస్టారు, గొంతు మాత్రం వేలంపాట పాడేవాడిది. "అన్నకు నేనంటే పానం. నన్నిడిశి ఉండడు" అని అందరికీ చెప్పి మురిసిపోయేవాడు.

అసలు సంగతి నాకు తెలుసు. చెట్ల నీడలోకి రాగానే ఆయన చేతులు నా హ్యాండిల్‌ని బిగించి పట్టుకునేవి. డాక్టరు చెప్పిన సంగతి ఆయన తన భార్య సుగుణతో అంటుండగా విన్నాను. చూపు అంచుల నుంచి పోతోందట, తిన్నగా ఎదురుగా ఉన్నది తప్ప పక్కనున్నది కనబడదట. గుంపుకి తెలిస్తే అడవిలోకి రానివ్వరని దాచాడు. ఫరీద్ గొంతును నమ్ముకుని ఆ దారుల్లో తిరిగాడు.

ఒక శ్రావణమాసంలో ఫరీద్‌కి గొంతునొప్పి వచ్చింది. మాత్రలిచ్చింది ఎవరనుకున్నారు? నర్సింగ్‌రావే. "నొప్పి తగ్గేదాక నోరు తెర్వకు. మాట బందు" అని గట్టిగా చెప్పి, ఆ సంగతి తనే మర్చిపోయాడు. ఏ డాక్టరు మాటా వినని ఫరీద్ ఆ ఒక్కసారి మందుల షాపు మాట తు.చ. తప్పకుండా పాటించాడు. ఆదివారం ముసురులో కొండ దిగుతుంటే దారికి అడ్డంగా పెద్ద వేరు వచ్చింది. ఫరీద్ అరవలేదు. చెయ్యి పక్కకు చాపి చూపించాడు.

నా ముందు చక్రం ఆ వేరుకి కొట్టుకుంది. నర్సింగ్‌రావు నా మీదుగా ఎగిరి బురదలో పడ్డాడు. నేను వెళ్లి ఆయన మీద పడ్డాను. పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఫరీద్ పరుగెత్తుకొచ్చి బొంగురు గొంతుతో అరిచాడు.

"చెయ్యి సూపిచ్చిన గదన్నా! కనవడలేదా?"

నర్సింగ్‌రావు లేవలేదు. వాన ఆయన ముఖం మీది మట్టిని కడుగుతోంది.

"కనవడలే ఫరీదూ. శాన రోజుల సంది కనవడ్తలేదు."

"అదే లోయల వడితే? సుగుణక్కకు నేనేం జెప్పాలె?" అన్నాడు ఫరీద్. ఆ కోపంలో ఉన్న కాస్త గొంతూ పోయింది.

అప్పటి నుంచి నాకీ వరండా. సుగుణ వారం వారం తుడిచి తళతళలాడిస్తుంది. ఎంత తుడిస్తే నాకంత దిగులు. వాన పడితే చాలు, ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని బ్రేకు నొక్కి వదులుతుండేవాడు. ఆ కొండమీద మబ్బు కమ్మి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. వెళ్దామని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆయన నోరుండీ ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఫరీద్ ఒక పొడుగాటి సైకిల్ తెచ్చాడు. ఇద్దరు తొక్కేది.

"ముంగట నేనుంట. ఎన్క నువ్వు తొక్కు."

"మూట లెక్క ఎన్క కూసోని రావాల్నా?"

"మూటవెట్లయితవే? ఎత్తు మీద తొక్కకుంటే దింపి నడిపిస్త!"

ఆయన ఎక్కి, వీధి చివరిదాకా వెళ్లొచ్చి దిగేశాడు. "సీటు కుదుర్తలేదు. గుచ్చుతుంది" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. ఆ పొడుగుది వెళ్లిపోతుంది, ఆయన నా దగ్గరే ఉంటాడు అనుకున్నాను.

ఆయన గోడ పట్టుకుని వరండాలోకి వచ్చి నా సీటు మీద చెయ్యి వేశాడు. ఏళ్ల తరబడి ఆయన బరువుకే అరిగి, ఆయనకే సరిపోయేలా తయారైన సీటు.

"ఇది ఇప్పి దానికి బిగియ్యి" అన్నాడు.

ఫరీద్ పానా పెట్టి సీటుని దాని కింది గొట్టంతో సహా ఊడదీశాడు. నర్సింగ్‌రావు నాలో మిగిలిన రంధ్రాన్ని వేలితో తడిమి, షాపు కవరొకటి దాని మీద చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. "జల్లు గొడితే నీళ్లు వోతయ్. తుప్పు వడ్తది" అని సుగుణకు చెప్పి, ఫరీద్ వెనక ఎక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇద్దరూ తిరిగొచ్చారు. ఆయన పళ్లు తప్ప అంతా ఎర్రగా ఉంది. పొడుగు సైకిల్ని తెచ్చి నాకు ఆనించారు. దాని వెనక నా సీటు, అంచుల నిండా అనంతగిరి బురద. మొత్తం నన్ను తీసుకెళ్లడం ఆయనకిక కుదరదు. కుదిరినంత తీసుకెళ్లాడు.